దాచుకున్న లింకు మళ్లీ దొరకాలంటే ట్యాగులు ఎలా పెట్టాలి

పదేళ్లుగా దాచుకున్న బుక్‌మార్కులు 3,200 అయ్యాయని, 140 ఫోల్డర్లు ఉన్నా కావలసినప్పుడు ఏదీ చేతికి రావడం లేదని రాశారు. రెండేళ్ల కిందట ట్యాగులు, అంటే లింకు మళ్లీ దొరకడానికి దానికి తగిలించే గుర్తు మాటలు, మొదలుపెడితే అవి 611కు చేరాయి, అందులో సగానికి పైగా ఒక్కొక్క లింకుకే అంటిపెట్టుకొని ఉన్నాయి. ఫోల్డర్లు తీసేయాలా, ట్యాగులు ఎన్ని ఉండాలి, ట్యాగుల వల్ల కొత్త విషయాలు తెలుస్తాయంటారే అదెలా అన్నవి మీ మూడు ప్రశ్నలు. మూడింటి వేరూ ఒకచోటే ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

నేను చాలా ఏళ్లు ఒక గ్రంథాలయంలో విషయసూచికలు తయారు చేసే పని చేశాను. 2005 నుంచి లింకులకు ట్యాగులు పెడుతున్నాను. సూచిక తయారు చేసేవాళ్లకు మొదట నేర్పే పాఠం ఏమిటంటే, చదువరి ఏ మాట పట్టుకొని వస్తారో ఆ మాట దగ్గర పుస్తకం ఎదురుపడాలి. పుస్తకంలో ఏముందో వర్ణించడం వేరే పని. ట్యాగుకూ ఇదే ధర్మం. తేడా ఒక్కటే, ఇక్కడ రాబోయే చదువరి మీరే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పాత ఫొటోలను స్కాన్ చేసి, వెలిసిపోయిన రంగులను ఎలా సరిచేయాలో చెప్పే పేజీ ఒకటి మీకు దొరికింది. దాచేటప్పుడు పేజీ కళ్ల ముందు ఉంటుంది కాబట్టి అందులో కనిపించినవన్నీ రాసేస్తాం: ఫొటోగ్రఫీ, టెక్నాలజీ, స్కానర్, డిజిటల్, ఉపయోగకరం. ఏడాది గడిచాక ఇంట్లో పెద్దవాళ్ల ఆల్బమ్ బయటపడుతుంది. అప్పుడు మీ మనసులో మెదిలే మాట ‘పాత ఆల్బమ్’. ‘టెక్నాలజీ’ అని వెతకాలని తోచదు. తోచినా దాని కింద నాలుగు వందల లింకులు ఉంటాయి. ఇక ‘ఉపయోగకరం’ అన్నదానికి ట్యాగుగా ఏ విలువా లేదు. ఉపయోగం లేదనుకుంటే ఆ పేజీని దాచేవారే కాదు కదా.

కాబట్టి ట్యాగు రాసే ముందు ఒక్క క్షణం పేజీ మీద నుంచి చూపు తిప్పుకొని, ‘దీన్ని నేను ఏ పనిలో ఉండగా వెతుక్కుంటాను? అప్పుడు నా నోట ఏ మాట వస్తుంది?’ అని మిమ్మల్ని మీరే అడగండి. వచ్చిన మొదటి మాట మొదటి ట్యాగు. మీ 611లో ఒంటరిగా మిగిలిపోయినవి దాదాపు అన్నీ పేజీని చూస్తూ రాసినవే అయి ఉంటాయని నా నమ్మకం.

ఫోల్డర్ల సంగతికి వస్తే, అమెరికా గ్రంథాలయవేత్త మెల్విల్ డ్యూయీ 1876లో పుస్తకాలను సంఖ్యలతో అమర్చే తన దశాంశ వర్గీకరణను ప్రచురించాడు. అచ్చు పుస్తకం ఒకేసారి రెండు అరల్లో ఉండలేదు, అందువల్ల ప్రతి పుస్తకానికీ ఒక సంఖ్య, ఆ సంఖ్యకు ఒక చోటు. ఫోల్డరు ఆ అర పద్ధతినే తెచ్చుకుంది. లింకుకు బరువూ లేదు, మందమూ లేదు, పది చోట్ల ఉండగలదు. అయినా దాన్ని ఒక్క అరలో బంధించి, అది ఏ అరో తర్వాత మరిచిపోతున్నాం. పిల్లల ఆరోగ్యం మీద ఒక పేజీ ‘పిల్లలు’ ఫోల్డరులో ఉందా, ‘ఆరోగ్యం’లో ఉందా అని మీరు రెండూ తెరిచి చూసుకొనే ఉంటారు.

ఈ ఇబ్బందిని గ్రంథాలయాల్లో ఎంతో ముందే పట్టుకున్నవారు మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్. ఆయన 1933లో ప్రచురించిన కోలన్ వర్గీకరణ, విషయాన్ని ముందుగా తయారుచేసిన గదిలో పడేయదు. విషయాన్ని కోణాలుగా విడదీసి, ఆ ముక్కలను మళ్లీ కలిపి సంఖ్య కడుతుంది. వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, స్థలం, కాలం అని ఆయన చెప్పిన ఐదు మూల వర్గాలు సూచికల పని చేసినవారందరికీ కంఠస్థం. ఇంటర్నెట్ పుట్టక ముందే ట్యాగుల వెనక ఉన్న ఆలోచనలో అసలైన భాగం ఆయన దగ్గర ఉందని నేను అనుకుంటాను. ఒకే దిక్కు నుంచి ఐదు మాటలు రాయడం కంటే, వేర్వేరు దిక్కుల నుంచి ఒక్కొక్క మాట రాస్తే లింకు బాగా దొరుకుతుంది.

లింకులకు నేను వాడే దిక్కులు నాలుగు. మొదటిది విషయం. రెండోది రూపం, అంటే ఆ పేజీ వీడియోనా, పట్టికా, పాఠమా, పనిముట్టా, సంభాషణా అన్నది. ‘ఎప్పుడో ఒక పట్టిక చూశానే’ అని గుర్తుంటుంది గాని అది దేని గురించో గుర్తు రాదు, అలాంటప్పుడు రూపమే దారి చూపుతుంది. మూడోది పని: మీరు రాస్తున్న వ్యాసం, కట్టుకుంటున్న ఇల్లు, నేర్చుకుంటున్న భాష. నాలుగోది స్థితి: చదవాలి, ప్రయత్నించాలి, చదివాను. పాత ఆల్బమ్ పేజీకి నేనైతే ‘పాత-ఫొటోలు’, ‘పాఠాలు’, ‘కుటుంబ-ఆల్బమ్’, ‘ప్రయత్నించాలి’ అని రాస్తాను. స్కాట్ గోల్డర్, బెర్నార్డో హ్యూబర్‌మన్ అనే పరిశోధకులు డెలీషస్ అనే బుక్‌మార్కుల సైటును పరిశీలించి 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. జనం తమంతట తామే పెట్టుకుంటున్న ట్యాగుల్లో విషయాన్ని చెప్పేవి, రూపాన్ని చెప్పేవి, ఎవరిదో చెప్పేవి, గుణాన్ని చెప్పేవి, సొంత పనికి సంబంధించినవి ఇలా ఏడు రకాలు వారికి కనిపించాయి. ఎవరూ నేర్పకుండానే జనం కోణాలు వెతుక్కున్నారన్నమాట.

స్థితి ట్యాగులతో ఒక్క జాగ్రత్త. ‘చదవాలి’ కింద యాభై దాటితే అది ఇక పనిచేయడం మానేస్తుంది. నెలకోసారి అందులో పాతబడిన వాటి మీద ఆ ట్యాగు తీసేయండి, లింకు ఉండనివ్వండి.

ఫోల్డర్లను పూర్తిగా తీసేయమని నేను చెప్పను. రోజూ తెరిచే పది, పదిహేను పేజీలకు బ్రౌజరు పైపట్టీ మీద ఉండే ఫోల్డరే హాయి. చేయి అలవాటుగా అక్కడికి పోతుంది, వెతకడం అనే పనే ఉండదు. మిగతా 3,000కు పైగా లింకులకు ఫోల్డర్ల చెట్టు అనవసరం. అన్నిటినీ ఒక్క ఫోల్డరులోకి తెచ్చేయండి, పాత ఫోల్డరు పేరు మంచిదైతే దాన్నే ట్యాగుగా మార్చండి.

లింకుకు ఎన్ని ట్యాగులు? మూడు నుంచి ఐదు. అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న మొత్తం పదకోశం ఎంత ఉండాలన్నది. జార్జ్ ఫర్నాస్, ఆయన సహచరులు 1987లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. ఒకే వస్తువుకు పేరు పెట్టమంటే ఇద్దరు మనుషులు ఒకే మాట ఎంచుకొనే అవకాశం 20 శాతం కంటే తక్కువ అని అందులో తేలింది. ఆ అంకె చదివినప్పటి నుంచి నా ట్యాగుల జాబితాను నేను వేరే కళ్లతో చూస్తున్నాను. ఈరోజు మీరు, రెండేళ్ల తర్వాత మీరు, ఈ విషయంలో ఇద్దరు మనుషులే. ‘వ్యాయామం’ అని ఒకసారి, ‘ఫిట్‌నెస్’ అని ఇంకోసారి, ‘కసరత్తు’ అని మరోసారి రాసి ఉంటారు. ఒక్క సంగతి మూడు చోట్ల చెదిరిపోయింది.

దీనికి మందు, ట్యాగు గడిలో రెండు అక్షరాలు కొట్టి ఆగడం. దాదాపు అన్ని సాధనాలూ మీ పాత ట్యాగులను కింద చూపిస్తాయి. అక్కడ సరిపోయేది ఉంటే దాన్నే తీసుకోండి, కాస్త తక్కువ కచ్చితంగా అనిపించినా సరే. కొత్త ట్యాగు పుట్టించాలంటే నేను పాటించే నియమం: ఆ మాటకు తగిన మూడో లింకు వచ్చే వరకు ఆగుతాను. అప్పటి వరకు పేజీ శీర్షికలోనో వివరణలోనో ఆ మాట ఉంటే చాలు, మామూలు వెతుకులాటకు అది దొరుకుతుంది. అలాగే శీర్షికలో ఎలాగూ ఉన్న మాటను ట్యాగుగా మళ్లీ రాయడం వల్ల ఒరిగేది తక్కువ. శీర్షికలో లేని మాట, మీ బుర్రలో మాత్రమే ఉన్న మాట, అదీ ట్యాగుగా రాయవలసింది.

తెలుగులో ట్యాగులు పెట్టేవారికి ఉన్న చిక్కుల గురించి ఎవరూ పెద్దగా చెప్పరు కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. మన మాట ఊరికే ఒక రూపంలో ఉండదు. పుస్తకం, పుస్తకాలు, పుస్తకాల – మనకు ఒకటే, యంత్రానికి మూడు. బయటి నుంచి వచ్చిన మాటలైతే ఇంకా కష్టం: ఫోటో, ఫొటో, ఫోటోలు, వెబ్‌సైట్, వెబ్సైటు, వెబ్ సైట్. సూచికల పనిలో వాడే పాత సూత్రమే ఇక్కడా చక్కగా నడుస్తుంది. లెక్కపెట్టగలిగినవి బహువచనంలో (పుస్తకాలు, పటాలు, పాఠాలు), లెక్కపెట్టలేనివి ఏకవచనంలో (సంగీతం, చరిత్ర, నిద్ర). విభక్తి చేరిన రూపం ఎప్పుడూ వద్దు.

ఇంకో చిక్కు కంటికి కనిపించదు. పొల్లు తర్వాత వచ్చే హల్లు వత్తుగా మారకుండా ఆపడానికి యూనికోడ్‌లో (కంప్యూటర్లు అన్ని భాషల అక్షరాలకూ వాడే ప్రమాణంలో) కనబడని ఒక సంకేతం ఉంది. ‘వెబ్‌సైట్’లో ‘బ్’ను విడిగా నిలబెట్టేది అదే. కొన్ని కీబోర్డులు మాట చివర పొల్లు వచ్చినా దాన్ని చేరుస్తాయి. అక్కడ అది ఉన్నా లేకపోయినా అక్షరం ఒకేలా కనిపిస్తుంది. నా జాబితాలో ‘బ్లాగ్’ అనే ట్యాగు రెండుసార్లు పక్కపక్కనే ఉండేది, ఒకదాని కింద 40 లింకులు, ఇంకోదాని కింద 23. ఎందుకో అర్థం కాక చాలా రోజులు తలపట్టుకున్నాను. పరిష్కారం మన భాషలోనే ఉంది. తెలుగు అజంత భాష, మాట అచ్చుతో ముగియడం దానికి సహజం. బ్లాగు, లింకు, కోడు, ఫాంటు అని చివర అచ్చు ఉండేలా రాస్తే మాట చివర ఆ కనబడని సంకేతానికి చోటే ఉండదు.

రెండు మాటల ట్యాగుల మధ్య ఖాళీ వదలకండి, అడ్డగీత పెట్టండి. కొన్ని సాధనాల్లో ఖాళీ అంటే ఒక ట్యాగు ముగిసి ఇంకోటి మొదలైనట్టు. ‘పాత ఫొటోలు’ అని రాస్తే ‘పాత’ ఒకటి, ‘ఫొటోలు’ ఒకటి అవుతాయి. ఇక తెలుగులో రాయాలా, ఇంగ్లిష్ అక్షరాల్లోనా అంటే, వెతికేటప్పుడు మీ వేళ్లు ఏ లిపిలో కొడతాయో ఆ లిపిలో. సాఫ్ట్‌వేర్ పేర్లు నేను ఇంగ్లిష్‌లోనే ఉంచుతాను, సాహిత్యం, చరిత్ర వంటివి తెలుగులో. తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడం మాత్రం మానేయండి. ఒకే మాటకు నాలుగైదు వర్ణక్రమాలు పుట్టుకొస్తాయి.

ఇప్పుడు మీ దగ్గర పేరుకుపోయిన రాశి. దయచేసి 3,200 లింకులకూ కూర్చొని ట్యాగులు పెట్టే పనికి దిగకండి. ఒకప్పుడు నేను దిగాను, రెండు వారాలు పోయాయి, అందులో సగం లింకులు ఆ తర్వాత ఒక్కసారీ తెరవలేదు. ట్యాగుల జాబితాను సంఖ్య వారీగా పేర్చుకోండి. పైనున్న 40, 50 ట్యాగులు చూసి ఒకే అర్థం ఉన్నవాటిని కలపండి. చాలా సాధనాల్లో ట్యాగు పేరు మార్చి ఇంకో ట్యాగు పేరు పెడితే రెండూ కలిసిపోతాయి. ఒక్క లింకుకే ఉన్న 300 పైచిలుకు ట్యాగుల మీద ఒకసారి కళ్లు పరుగెత్తించి, ఏదైనా పెద్ద ట్యాగులో కలిసేదుంటే కలిపి, మిగతావి తీసేయండి. ఇది ఒక సాయంత్రం పని.

ఆ తర్వాత వెతికిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా బాగుచేసుకుంటూ పోవాలి. ఏదో వెతికారు. మొదట కొట్టిన మాటకు దొరకలేదు, రెండోదానికీ దొరకలేదు, చివరికి ఎలాగో దొరికింది. అక్కడే, ఆ లింకు మూసేసే ముందు, మీరు మొదట కొట్టిన మాటను దానికి ట్యాగుగా చేర్చండి. మీ మనసు ఆ పేజీని ఏ పేరుతో పిలుస్తుందో ఇప్పుడు రుజువుతో సహా తెలిసింది. ఊహించి పెట్టిన పది ట్యాగుల కంటే ఇలా పడిన ఒక్క ట్యాగు గట్టిది. ఈ మొత్తం సమాధానంలో ఒక్కటే పాటిస్తానంటే, ఇది పాటించండి.

సాధనాల గురించి క్లుప్తంగా. ఫైర్‌ఫాక్స్‌లో 2008లో వచ్చిన మూడో వెర్షను నుంచి ట్యాగులు ఉన్నాయి. చిరునామా గడిలో + గుర్తు, ఖాళీ, తర్వాత మాట కొడితే ట్యాగుల్లోనే వెతుకుతుంది. క్రోమ్‌లో ట్యాగులు లేవు. బుక్‌మార్కు పేరు చివర #పాఠాలు అన్నట్టు రాసుకొని బుక్‌మార్కుల్లో వెతికితే పని జరుగుతుంది. విడి సేవల్లో పిన్‌బోర్డ్, రెయిన్‌డ్రాప్ ఉన్నాయి. సొంత సర్వరు నడుపుకోగలిగినవారికి లింక్‌డింగ్, షార్లీ ఉన్నాయి. ఏది వాడినా ఒక్కటి చూసుకోండి: రెండు ట్యాగులను కలిపి వెతకగలుగుతున్నారా? అది లేకపోతే పైన చెప్పిన దిక్కుల వల్ల ప్రయోజనం ఉండదు.

ఎందుకంటే కొత్త విషయాలు కనిపించడం మొదలయ్యేది కూడా అక్కడే. ముందు మీ సొంత రాశిలో. ‘నిద్ర’ కింద 60 లింకులు, ‘సంగీతం’ కింద 200 ఉన్నాయనుకోండి. రెండూ కలిసేచోట మూడే ఉంటాయి. ఏళ్ల తేడాతో వేర్వేరు కారణాలకు దాచిన ఆ మూడూ ఒక్కచోట కనిపించినప్పుడు మీకే తెలియని ఒక ఆసక్తి బయటపడుతుంది. నేను రాసిన వ్యాసాల్లో కొన్ని ఇలా రెండు ట్యాగుల కూడలిలోనే పుట్టాయి. తీరిక దొరికినప్పుడు సంబంధం లేదనిపించే రెండు ట్యాగులను కలిపి చూడటం నాకు చాలా ఇష్టమైన పని.

ఇతరుల రాశిలో వెతకడం రెండో మెట్టు. జాషువా షాక్టర్ 2003లో డెలీషస్ మొదలుపెట్టినప్పుడు అసలు కొత్తదనం ట్యాగుల్లో ఉన్నదానికంటే, అవి అందరికీ కనబడటంలో ఉంది. మరుసటి ఏడాది థామస్ వాండర్ వాల్ ఈ పద్ధతికి ‘ఫోక్సోనమీ’ అని పేరు పెట్టాడు, అంటే జనం కట్టుకున్న వర్గీకరణ. గోల్డర్, హ్యూబర్‌మన్ చూసిన ఇంకో సంగతి ఏమిటంటే, ఒక పేజీని సుమారు వంద మంది దాచేసరికి దాని మీద ఏ ట్యాగు ఎంత శాతం అన్నది నిలకడకు వస్తుంది. పెత్తనం చేసేవాళ్లు లేకుండానే ఒక ఒప్పందం కుదురుతుంది.

దీన్ని వాడుకోవడంలో చాలామంది చేసే పొరపాటు పెద్ద ట్యాగును తెరిచి పైనుంచి చదవడం. అక్కడ అందరికీ తెలిసినవే ఉంటాయి, ప్రచారం కోసం తగిలించినవీ ఉంటాయి. మీరు తిరగేసి వెళ్లండి. మీకెంతో నచ్చిన, ఎక్కువమందికి తెలియని ఒక పేజీని తీసుకోండి. అది ఇంకెవరు దాచారో చూడండి. ఐదు వేల మంది దాచిన పేజీ మీకేమీ చెప్పదు. ఏడుగురు దాచిన పేజీ అయితే ఆ ఏడుగురూ మీ కోవ మనుషులు. వాళ్లు అదే ట్యాగు కింద ఇంకా ఏమేం దాచారో చదవండి. పిన్‌బోర్డ్‌లో ఇది ఇప్పటికీ చేయవచ్చు.

అక్కడ లింకుల కంటే విలువైనది ఒకటి దొరుకుతుంది: ఆ రంగంలో ఉన్నవాళ్లు వాడే మాట. చిరిగిన పాత కాగితాలను అతికించడం గురించి నేను ‘కాగితం-మరమ్మతు’ అని దాచుకుంటూ ఉండేవాణ్ని. అదే పేజీని దాచినవాళ్లు ‘కన్సర్వేషన్’ అని రాసుకున్నారు. ఆ ఒక్క మాటతో అప్పటి వరకు నాకు తెలియని ఒక శాస్త్రమే ఎదురైంది. ఇలా దొరికిన మాటను కూడా మీ ట్యాగు పక్కన చేర్చుకోండి.

క్రమం తప్పకుండా కొత్తవి రావాలంటే ట్యాగుకు ఆర్‌ఎస్‌ఎస్ ఫీడు, అంటే కొత్తవి చేరగానే మీకు అందించే జాబితా, ఇచ్చే సేవలు ఉన్నాయి. మాస్టొడాన్ అనే సామాజిక మాధ్యమంలో 2022లో వచ్చిన నాలుగో వెర్షను నుంచి వ్యక్తులను అనుసరించినట్టే హ్యాష్‌ట్యాగులనూ అనుసరించవచ్చు. విశాలమైన మాటను ఎంచుకుంటే రెండు రోజుల్లో విసుగొస్తుంది, ఇరుకైన మాటనే ఎంచుకోండి. ఒక హెచ్చరిక కూడా: అందరికీ కనబడే చోట ట్యాగులు మీ గురించి చాలా చెప్పేస్తాయి. జబ్బులు, అప్పులు, ఉద్యోగ వేట వంటి వాటికి సంబంధించిన లింకులను విడిగా, రహస్యంగా దాచండి. పిన్‌బోర్డ్‌లో చుక్కతో మొదలయ్యే ట్యాగు మీకు మాత్రమే కనిపిస్తుంది.

చివరగా, మీరు అడగని ఒక విషయం. ఇలాంటి సేవలు మూతపడతాయి. డెలీషస్‌ను 2005లో యాహూ కొన్నది, 2011లో అమ్మేసింది, చేతులు మారి మారి 2017లో పిన్‌బోర్డ్ దగ్గరికి చేరింది, కొత్త లింకులు దాచుకోవడం ఆగిపోయింది. తర్వాత చదవడానికి పేజీలు దాచుకునే పాకెట్ అనే సేవ 2025 జులై 8న మూతపడింది. నేను వాడిన ఒక సేవ ఆగిపోయినప్పుడు లింకులన్నిటినీ ఫైలుగా దింపుకొని నిశ్చింతగా ఉన్నాను. దాన్ని కొత్త చోటికి ఎక్కిస్తే లింకులు వచ్చాయి, ట్యాగులు ఒక్కటీ రాలేదు. బుక్‌మార్కుల ఫైలుకు నెట్‌స్కేప్ అనే పాత బ్రౌజరు కాలం నాటి ఒక నమూనా ఉంది. అందులో ట్యాగులు లింకుకు ఒక లక్షణంగా కూర్చుంటాయి, వాటిని పట్టించుకోని బ్రౌజర్లు ఉన్నాయి. అందుకని ఇప్పుడే ఒక పది లింకులను దింపి, ఇంకో సాధనంలోకి ఎక్కించి, ట్యాగులు దాటాయో లేదో చూసుకోండి. సరిగ్గా దాటుతుంటే మూడు నెలలకోసారి మొత్తం ఫైలును దింపి పెట్టుకోండి.

పేజీలు కూడా చచ్చిపోతాయి. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత తెరుచుకోవడం లేదని అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రం 2024లో వెల్లడించింది. మీ 3,200లో ఇప్పటికే ఎన్నో పోయి ఉంటాయి. నిజంగా అవసరమైన పేజీని దాచేటప్పుడే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఒక ప్రతి భద్రపరచండి. వివరణ గడిలో ఒక్క వాక్యం రాయండి, ఇది ఎందుకు దాచానో. నా దగ్గర 2009 నాటి లింకు ఒకటి ఉంది. పేజీ ఎప్పుడో పోయింది, ఎక్కడా ప్రతి లేదు. ‘తడిసిన కాగితాన్ని ఆరబెట్టే ముందు విడదీయకూడదు, దీనిలో మూడో బొమ్మ చూడు’ అని నేను రాసుకున్న వాక్యం మాత్రం ఉంది. ఆ వాక్యాన్ని ఇప్పటికీ వాడుకుంటున్నాను.